గాలి తగిలితే మేల్కొనే కణాలు

పుష్యమాసపు తెల్లవారుజామున బిలాస్‌పూర్ స్టేషన్‌లో పొగమంచుకు కూడా బొగ్గు వాసనే. కోర్బా వైపు నుంచి గూడ్సు బళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. విశాఖ బండి కోసం నిలబడ్డ మనవాళ్లు మఫ్లర్లు బిగించుకుని దగ్గుతుంటారు. ఆ దగ్గుకు లోపల ఎంత అందమైన పని జరుగుతోందో కంటికి కనబడదు.

శ్వాసనాళం లోపలి గోడలో ఒక్కో కణం మీద రెండు వందల దాకా వెంట్రుకల్లాంటి సన్నని శైలికలుంటాయి. సెకనుకు పది పదిహేనుసార్లు కొట్టుకుంటాయి. ఛత్తీస్‌గఢ్ వరిచేల మీద గాలి అలలా సాగినట్టు ఆ కదలిక సాగుతుంది. పలచని కఫం, అందులో చిక్కిన బొగ్గు నుసి, వైరస్సులు అన్నీ గొంతు వైపు ఎక్కిపోతాయి. మనం నిద్రపోయినా అది ఆగదు.

వైరస్సులను పరిశోధించే ప్రయోగశాలల్లో చాలాకాలం ఈ గోడే లేదు. 1962లో ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసిన వీరో కణాలే ఎక్కువగా వాడుకలో ఉండేవి. అవి పళ్లెం అడుగున ఒకే పొరగా పరుచుకుంటాయి, ఊపిరి ఎరగవు.

మరో పద్ధతి ఉంది. మనిషి శ్వాసనాళపు కణాలను సన్నని రంధ్రాలున్న పొర మీద పెంచి, నిండాక పైనున్న ద్రవాన్ని తీసేస్తారు. కింద ఆహారం, పైన గాలి. వింతంతా ఇక్కడే. మూడు నాలుగు వారాల్లో అడుగున మూలకణాలు, పైన శైలికల కణాలు, వాటి నడుమ కఫం ఊరే కణాలు తమంతట తామే సర్దుకుంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే శైలికలు కొట్టుకుంటుంటాయి. శరీరం లేదు, ఛాతీ లేదు, ఊడ్చే పని మాత్రం మొదలైపోయింది!

2005లో హాంకాంగ్ పరిశోధకులు ప్రకటించిన హెచ్‌కేయూ1 కరోనావైరస్ మామూలు కణాల్లో పెరగనే లేదు. 2010లో, ఇలా గాలికి పెంచిన పొరలో పెరిగింది. కోవిడ్ వైరస్‌ను చైనాలో తొలిసారి వేరుచేసినప్పుడూ శ్వాసనాళపు కణాలను వాడారు. 96 గంటలకు, సోకిన చోట శైలికలు కొట్టుకోవడం ఆగిపోయింది.

2020లో క్లోరోక్విన్ జాతి మాత్రల కోసం మందుల షాపుల చుట్టూ తిరిగినవాళ్లు ఇది తెలుసుకోవాలి. ఆ మందు వీరో కణాల్లో వైరస్‌ను ఆపింది. ఊపిరితిత్తుల కణాల్లోనూ, గాలికి పెంచిన శ్వాసనాళపు పొరలోనూ ఆపలేకపోయింది. మన కణాల మీద టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైమ్ వైరస్‌ను నేరుగా లోపలికి రానిస్తుంది. వీరో కణాల్లో ఆ దారి లేదు కనుక వైరస్ కణం లోపలి ఆమ్లపు సంచుల గుండా పోవాలి, మందు పనిచేసేది అక్కడే. తప్పు కణాన్ని అడిగితే తప్పు జవాబే వస్తుంది. అందుకే ఆ ఏడాదే హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ, బెంగళూరులోని ఐస్టెమ్ సంస్థతో కలిసి మనిషి ఊపిరితిత్తుల కణాల్లో వైరస్‌ను పెంచే పనికి పూనుకుంది.

రైలు ఊరైన బిలాస్‌పూర్‌కి ఈ వైరస్సుల సంగతి దూరం కాదు. 1918లో బొంబాయిలో అడుగుపెట్టిన ఇన్‌ఫ్లుయెంజా పట్టాల వెంటే దేశం లోపలికి వచ్చింది. బిలాస్‌పూర్ అప్పుడున్న సెంట్రల్ ప్రావిన్సెస్, జనాన్ని ఎక్కువగా పోగొట్టుకున్న ప్రాంతాల్లో ఒకటి. ఆ జబ్బు వైరస్‌ను మనిషి నుంచి వేరుచేయడానికి 1933 దాకా పట్టింది.

2023లో కేంద్రం కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతువులకు బదులు ఇలాంటి మానవకణ నమూనాల ఫలితాలకూ చోటిచ్చింది. ఇక కావలసింది ఈ పని చేసే మనుషులు. రైల్వే కాలనీల్లో జీవశాస్త్రం చదువుతున్న మన పిల్లల్ని ఇటు రానివ్వండి.