టీకా ఒక్కటే, స్పందనలు వేరు: రోగనిరోధక శక్తిపై మెదడు ప్రభావం

ఇన్‌ఫ్లుయెంజా టీకా ఎంత బాగా పనిచేస్తుందన్నది సీసాలోని మందుతోనే తేలిపోదు. ఒకే బ్యాచ్ టీకాను ఒకే వయసు వారికి ఒకే రోజున వేసినా కొందరిలో యాంటీబాడీలు ఎన్నో రెట్లు పెరుగుతాయి, మరికొందరిలో అంతంతమాత్రంగానే పెరుగుతాయి. వయసు, అంతకుముందు సోకిన ఫ్లూ జ్వరాలు, పోషణ, ఇతర జబ్బులు ఈ తేడాకు తెలిసిన కారణాలు. వీటితో పాటు మెదడు, నాడీమండలం కూడా రోగనిరోధక వ్యవస్థను నడిపిస్తాయని జంతువులపై జరిగిన ప్రయోగాలు రుజువు చేశాయి. ఒక రుచిని మందుతో ముడిపెట్టి ఎలుక శరీరానికి నేర్పిన పాఠం దాని యాంటీబాడీల లెక్కను మార్చగలదని తేలడం ఈ పరిశోధనలో కీలక మలుపు.

టీకా బలాన్ని కొలిచే తీరు

ఫ్లూ టీకాను రెండు విధాలుగా అంచనా వేస్తారు. మొదటిది జనంలో చూసేది: టీకా వేయించుకున్నవారిలో, వేయించుకోనివారిలో ఎందరికి జబ్బు వచ్చిందో పోలుస్తారు. అమెరికాలో ఏటా వేసే ఈ లెక్కల ప్రకారం, తిరుగుతున్న వైరస్‌కు టీకా బాగా సరిపోయిన సంవత్సరాల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే ముప్పు 40 నుంచి 60 శాతం వరకు తగ్గుతుంది. 2014-15 చలికాలంలో హెచ్3ఎన్2 వైరస్ రూపు మార్చుకోవడంతో ఈ రక్షణ 19 శాతానికి పడిపోయింది.

రెండోది ప్రయోగశాలలో చూసేది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు ఎర్ర రక్తకణాలను ఒకదానికొకటి అతికించే గుణం ఉందని జార్జ్ హర్స్ట్ 1941లో గుర్తించాడు. ఇప్పటికీ వాడే పరీక్షకు ఇదే ఆధారం. టీకా తీసుకున్న వ్యక్తి రక్తద్రవాన్ని పది రెట్లు, ఇరవై రెట్లు, నలభై రెట్లు, ఎనభై రెట్లు పలుచన చేస్తూ చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో వరసగా పోస్తారు. ప్రతి గుంటలోనూ వైరస్‌నూ, ఆ తర్వాత కోడి లేదా టర్కీ కోడి రక్తకణాలనూ కలుపుతారు. యాంటీబాడీలు చాలినన్ని ఉంటే అవి వైరస్‌ను పట్టేస్తాయి, కణాలు జారి గుంట అడుగున ఎర్రటి చుక్కలా చేరతాయి. అవి చాలకపోతే వైరస్ కణాలను అల్లుకుపోయి గుంటంతా పలుచటి ఎర్రపొర పరుచుకుంటుంది. ఎన్ని రెట్ల పలుచన దాకా చుక్క కనబడిందో అదే ఆ వ్యక్తి యాంటీబాడీ స్థాయి. అది 40కి చేరితే జబ్బు ముప్పు సుమారు సగం తగ్గినట్టు లెక్క. టీకాకు ముందున్న స్థాయి కనీసం నాలుగింతలైతే శరీరం టీకాకు స్పందించినట్టు పరిగణిస్తారు. ఈ వ్యాసంలో ముందు ముందు వచ్చే మనుషుల అధ్యయనాలు చాలావరకు ఈ కొలతనే వాడాయి.

నిబంధనం: కుక్కల నుంచి గినీపిగ్‌ల దాకా

ఉసిరికాయ పచ్చడి పేరు వినగానే నోరూరుతుంది. పచ్చడి నాలుక మీద పడకముందే లాలాజలం వచ్చేలా పాత అనుభవం శరీరాన్ని సిద్ధం చేసింది. దీన్నే నిబంధనం అంటారు. జీర్ణక్రియపై పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్న రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల్లో దీన్ని క్రమబద్ధంగా చూపాడు. ఆహారానికి ముందు ఒక సంకేతాన్ని పదే పదే ఇస్తే, కొన్నాళ్లకు సంకేతం ఒక్కటే లాలాజలం ఊరించేది.

లాలాజలానికి వర్తించే సూత్రం రోగనిరోధక కణాలకూ వర్తిస్తుందా అన్న ప్రశ్నను పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో మెతాల్నికోవ్, షోరిన్ 1926లో పరీక్షకు పెట్టారు. గినీపిగ్ చర్మాన్ని గీకడం లేదా వేడి తగిలించడం, వెంటనే దాని పొట్టలోకి బ్యాక్టీరియా పదార్థాన్ని ఎక్కించడం పలుమార్లు చేశారు. ఆ తర్వాత సూది లేకుండా చర్మాన్ని తాకించినా పొట్టలో తెల్ల రక్తకణాలు పెరిగాయని ప్రకటించారు. రోగనిరోధక వ్యవస్థ తనంతట తానే నడుస్తుందన్న నమ్మకం అప్పట్లో గట్టిగా ఉండడంతో పాశ్చాత్య ప్రయోగశాలలు ఈ పనిని దాదాపు అర్ధ శతాబ్దం పట్టించుకోలేదు.

రోచెస్టర్ ఎలుకలు

1970లలో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఆడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వేరే ప్రశ్న మీద పనిచేస్తున్నాడు. శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు తాగించి వెంటనే సైక్లోఫాస్ఫమైడ్ ఇంజెక్షన్ ఇస్తే ఎలుకకు కడుపులో తిప్పుతుంది, ఆపై ఆ నీళ్లంటేనే మొహం తిప్పుకుంటుంది. తాగిన నీళ్ల పరిమాణాన్ని బట్టి ఈ విముఖత ఎంత బలపడుతుంది, ఎంతకాలం నిలుస్తుంది అన్నదే ఆడర్ ప్రశ్న. మందు ఒక్కసారే ఇచ్చాడు. తర్వాత రోజుల్లో ఎలుకలకు శాకరిన్ నీళ్లే అందాయి. వారాలు గడిచేకొద్దీ కొన్ని ఎలుకలు చనిపోయాయి. తొలిరోజు శాకరిన్ ఎక్కువ తాగిన గుంపులో చావులు ఎక్కువ.

సైక్లోఫాస్ఫమైడ్ వికారం పుట్టించడమే కాక రోగనిరోధక కణాలను అణచివేసే మందు కూడా. తీపి రుచి వికారాన్నే కాదు, ఆ అణచివేతను కూడా తిరిగి రప్పిస్తోందేమోనని ఆడర్ అనుమానించాడు. రోగనిరోధక శాస్త్రవేత్త నికొలస్ కోహెన్‌తో కలిసి దాన్ని నేరుగా పరీక్షించాడు. శాకరిన్, మందు జతగా ఒక్కసారి అందుకున్న ఎలుకలకు మూడు రోజుల తర్వాత గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కించారు. ఎలుక శరీరం వాటిని పరాయివిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ సమయంలో మళ్లీ శాకరిన్ తాగిన ఎలుకల్లో యాంటీబాడీలు తక్కువగా తయారయ్యాయి. మళ్లీ శాకరిన్ తాగని ఎలుకల్లో అంత తగ్గుదల కనబడలేదు.

ఇది వికారం వల్ల కలిగిన ఒత్తిడి ప్రభావమే కావచ్చన్న అభ్యంతరానికి కూడా వారు జవాబు వెతికారు. లిథియం క్లోరైడ్ సైతం కడుపులో తిప్పుతుంది కానీ రోగనిరోధక కణాలను ఆ విధంగా అణచదు. దానితో పాఠం నేర్చిన ఎలుకలు శాకరిన్‌ను మానుకున్నాయి, యాంటీబాడీలు మాత్రం తగ్గలేదు. 1975లో అచ్చయిన ఈ ప్రయోగం సైకోన్యూరోఇమ్యునాలజీ అనే శాస్త్రశాఖకు పునాది వేసింది. 1982లో ఇదే జంట మరో అడుగు వేసింది. తన శరీరం మీద తానే దాడిచేసుకునే లూపస్ జబ్బు వచ్చే చిట్టెలుకలకు కొన్ని విడతల్లో మందు బదులు శాకరిన్ రుచి ఒక్కటే ఇచ్చినా, అంతే మోతాదు మందు అందుకున్న ఇతర చిట్టెలుకల కంటే వాటికి జబ్బు ఆలస్యంగా వచ్చింది, అవి ఎక్కువ కాలం బతికాయి.

అణచడమే కాదు, పెంచడం కూడా

టీకా విషయంలో కావలసింది స్పందన పెరగడం. 1993లో ఆడర్ బృందం మందుకు బదులు యాంటీజెన్‌నే, అంటే యాంటీబాడీలను పుట్టించే పరాయి పదార్థాన్నే, పాఠంలో భాగం చేసింది. ఒక సముద్రపు నత్త నుంచి తీసిన ప్రోటీన్‌ను చిట్టెలుకలకు కొద్ది మోతాదుల్లో పలుమార్లు ఇస్తూ ప్రతిసారీ ఒక ప్రత్యేకమైన రుచి చూపించారు. చివర్లో అదే రుచితో పాటు అతి స్వల్ప మోతాదు ప్రోటీన్ ఇచ్చినప్పుడు, పాఠం నేర్చిన చిట్టెలుకల్లో యాంటీబాడీలు మిగతావాటికంటే పెరిగాయి. బూస్టర్ టీకాకు శరీరం బదులిచ్చే తీరుపై నేర్చుకున్న సంకేతం ప్రభావం చూపగలదని దీని సారాంశం.

సంకేతం నడిచే దారి

రుచి తెలిసేది మెదడుకు, యాంటీబాడీలు తయారయ్యేది ప్లీహం, లింఫ్ గ్రంథుల్లో. ఈ రెండింటి మధ్య దారి లేకపోతే పై ఫలితాలకు అర్థం ఉండదు. 1980లలో డేవిడ్ ఫెల్టెన్ బృందం ప్లీహంలోకి వెళ్లే నాడీ తంతువులు లింఫోసైట్‌లనే రోగనిరోధక కణాలను ఆనుకుని ఉండడం సూక్ష్మదర్శినిలో చూపింది. జర్మనీలోని ఎస్సెన్‌లో మాన్‌ఫ్రెడ్ షెడ్లోవ్‌స్కీ బృందం రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్ మందుతో ఎలుకలకు ఇలాంటి పాఠమే నేర్పింది. ప్లీహపు నాడిని ముందే తెంచేస్తే పాఠం ఫలితం కనబడలేదు. మెదడులో ఇన్సులర్ కార్టెక్స్ అనే భాగం దెబ్బతింటే ఎలుక ఆ పాఠం నేర్వలేదు, నేర్చినదాన్ని తిరిగి రప్పించలేదు.

2020లో చైనా శాస్త్రవేత్తలు ఈ దారిని టీకా స్పందనకు మరింత దగ్గరగా చూపారు. చిట్టెలుకల మెదడులోని అమిగ్డాలా, హైపోథాలమస్‌లలో ఉన్న కొన్ని నాడీకణాలు ప్లీహపు నాడితో అనుసంధానమై ఉన్నాయనీ, అవి చురుగ్గా ఉంటే యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు పెరుగుతాయనీ నిరూపించారు. యాంటీజెన్ ఎక్కించిన చిట్టెలుకలను ఎత్తయిన చిన్న వేదిక మీద కొంతసేపు నిలబెడితే ఆ నాడీకణాలు మేల్కొన్నాయి, యాంటీబాడీలు పెరిగాయి. ప్లీహపు నాడి తీసేసిన చిట్టెలుకల్లో ఆ లాభం దక్కలేదు.

ఫ్లూ సోకిన చిట్టెలుకలు

కొద్దిపాటి ఉద్రేకం మేలు చేయవచ్చు. దీర్ఘమైన ఒత్తిడి అందుకు విరుద్ధం. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జాన్ షెరిడాన్ బృందం 1990లలో దీన్ని ఇన్‌ఫ్లుయెంజాతోనే పరీక్షించింది. చిట్టెలుకలను గాలి ఆడే ఇరుకు గొట్టాల్లో గంటల తరబడి కదలనీయకుండా ఉంచి, 1934లో ప్యూర్టోరికోలో దొరికిన పీఆర్8 వైరస్‌ను సోకించారు. వాటి ఊపిరితిత్తుల్లోకి రక్షక కణాలు తక్కువగా చేరాయి, యాంటీబాడీలు ఆలస్యంగా తయారయ్యాయి. ఒత్తిడిలో ఊరే కార్టికోస్టెరోన్ హార్మోన్ పనిచేయకుండా మందుతో అడ్డుకున్నప్పుడు కణాలు మళ్లీ ఊపిరితిత్తులకు చేరాయి. దాంతో దోషం హార్మోన్‌దేనని తేలింది.

మనుషుల్లో టీకా స్పందన

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలోనే జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం 1996లో మతిమరుపు జబ్బు వచ్చిన జీవిత భాగస్వాములకు ఏళ్లుగా సేవ చేస్తున్న 32 మందికీ, ఆ భారం లేని 32 మందికీ ఫ్లూ టీకా వేయించింది. సేవ చేస్తున్నవారిలో 12 మందికే యాంటీబాడీలు నాలుగింతలయ్యాయి. రెండో వర్గంలో ఆ సంఖ్య 21. మూడేళ్ల తర్వాత బ్రిటన్‌లో జరిగిన ఇలాంటి అధ్యయనంలోనూ సేవ చేసేవారు వెనకబడ్డారు: 39 శాతానికి ఎదురుగా 16 శాతం.

నిద్ర ప్రభావం కూడా ఇలాగే బయటపడింది. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, టీకా సమయంలో వరసగా కొన్ని రాత్రులు నాలుగేసి గంటలే పడుకున్న యువకుల్లో పదో రోజుకు వచ్చిన యాంటీబాడీలు మామూలుగా నిద్రపోయినవారిలో సగం కూడా లేవు. 2009లో వెలువడిన మరో అధ్యయనంలో పది నెలలు క్రమంగా వ్యాయామం చేసిన వృద్ధుల్లో టీకా రక్షణ ఎక్కువకాలం నిలిచింది.

ఎంతవరకు, ఎక్కడివరకు

ఈ ఫలితాలకు హద్దులున్నాయి. నేర్పిన పాఠం శాశ్వతం కాదు. మందు లేకుండా రుచి మాత్రమే పదే పదే ఇస్తే దాని ప్రభావం క్రమంగా చెరిగిపోతుంది. ప్రయోగశాల చిట్టెలుకలు ఒకే జన్యువంశానివి, ఒకే వయసువి, ఫ్లూ ఎరగనివి. మనిషి చిన్ననాటి నుంచి ఎన్నో రకాల ఫ్లూ వైరస్‌లను ఎదుర్కొని ఉంటాడు, ఆ జ్ఞాపకాలన్నీ కొత్త టీకా స్పందనను మలుస్తాయి. అధ్యయనాల్లో కొలిచింది చాలావరకు యాంటీబాడీలనే. యాంటీబాడీలు పెరగడం, జబ్బు తగ్గడం ఒకటే కాదు. పైగా టీకాలోని రకం, తిరిగే వైరస్ సరిపోకపోతే ఎంత మంచి స్పందనైనా పాక్షికంగానే కాపాడుతుంది.

అందుకే మెదడు చూపే ప్రభావం టీకాకు ప్రత్యామ్నాయం కాదు, టీకా ఫలితాన్ని అటూ ఇటూ మార్చే అనేక అంశాల్లో ఒకటి. వృద్ధుల్లో బలహీనపడే స్పందనకు వైద్యరంగం మొదట వెతికిన విరుగుడు టీకాలోనే ఉంది. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉంటే, 65 ఏళ్లు దాటినవారి కోసం 60 మైక్రోగ్రాముల టీకా తయారుచేశారు. 2014లో ప్రచురితమైన పెద్ద ప్రయోగంలో అది మామూలు టీకా కంటే ఫ్లూ జబ్బును సుమారు 24 శాతం ఎక్కువగా అరికట్టింది. టీకాను మెరుగుపరచడం ఒక దారి. టీకా అందుకునే శరీరం నిద్ర, వ్యాయామం, మానసిక భారం విషయంలో ఏ స్థితిలో ఉందో గమనించడం రెండో దారి. రోచెస్టర్ ఎలుకలతో మొదలైన పరిశోధన ఈ రెండో దారికి గట్టి ఆధారం చూపింది. రోగులకు సేవ చేస్తూ అలసిపోయినవారికీ, వృద్ధులకూ టీకా వేసేటప్పుడు ఆ ఆధారాన్ని లెక్కలోకి తీసుకోవడం వైద్యవ్యవస్థ బాధ్యత.