కల్లులో అల్ప్రాజోలం: మాస్ స్పెక్ట్రోమీటర్ ఎలా పట్టుకుంటుంది?

కోటగిరి, బోధన్ ప్రాంతాల నుంచి చదువుతున్న మీకు కల్తీ కల్లు గురించి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. చెట్టు నుంచి దిగే కల్లు చాలనప్పుడు నీళ్లు, శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రాజోలం వంటివి చేర్చడం నిజామాబాద్ జిల్లాలో ఏళ్ల నాటి సమస్య. 2015లో దాడులు ముమ్మరమై ఆ మందు దొరకనప్పుడు, అలవాటుపడ్డవాళ్లు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. అటువంటి రోగి తాగినదేమిటో వైద్యునికి తెలియాలి. స్వచ్ఛమైన కల్లు అమ్ముకునే గీత కార్మికుని మీద తప్పుడు నింద కూడా పడకూడదు.

కల్లు మామూలు ద్రావణం కాదు. అందులో ఈస్టు, చక్కెరలు, ప్రోటీన్లు ఉంటాయి. అసిటోనైట్రైల్ కలిపితే ప్రోటీన్లు అవక్షేపిస్తాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని వడగట్టి ద్రవ క్రోమటోగ్రఫీ కాలమ్‌లోకి పంపుతారు. కాలమ్ నుంచి వచ్చిన అణువులు ఎలక్ట్రోస్ప్రేలో ప్రోటాన్‌ను గ్రహించి అయాన్లవుతాయి.

అల్ప్రాజోలం ఫార్ములా C₁₇H₁₃ClN₄. ప్రోటాన్ చేరాక దాని అయాన్ 309 వద్ద కనిపిస్తుంది. క్లోరిన్‌కు 35, 37 ఐసోటోపులున్నాయి కదా! అందుకే 311 వద్ద దాదాపు మూడో వంతు ఎత్తున మరో శిఖరం ఉంటుంది. అయినా 309 ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, ఆ ద్రవ్యరాశి గల అణువులు ఇంకెన్నో ఉండవచ్చు. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అసలు సాక్ష్యం 309ని వాయు అణువులతో ఢీకొట్టించి పగలగొట్టినప్పుడు దొరుకుతుంది. ట్రయజోల్ వలయం నుంచి నైట్రోజన్ అణువు, అంటే 28, పోయి 281 శకలం మిగులుతుంది. 205 వద్ద మరొకటి వస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి, కాలమ్ నుంచి బయటికి వచ్చిన సమయం, రెండూ ప్రామాణిక నమూనాతో సరిపోవాలి.

పరిమాణం తేల్చడం ఇంకో చిక్కు. కల్లులోని ఇతర పదార్థాలు అయనీకరణాన్ని అణచివేయగలవు. అందుకే ఐదు డ్యుటీరియం పరమాణువులున్న అల్ప్రాజోలంను తెలిసిన మోతాదులో ముందే కలుపుతారు. దాని అయాన్ 314 వద్ద వస్తుంది. అణచివేత రెండింటికీ ఇంచుమించు సమానమే కనుక, నిష్పత్తి చూసి లెక్క వేయవచ్చు.

ఈ పద్ధతిలో యంత్రం మనం అడిగిన జంటలనే, 309 నుంచి 281 వంటివాటినే, చూస్తుంది. డయాజెపాం అడగాలంటే 285 నుంచి 193 జంటను చేర్చాలి. క్లోరల్ హైడ్రేట్ ఎలక్ట్రోస్ప్రేలో సరిగా అయాన్ కాదు. దానికి వాయు క్రోమటోగ్రఫీ జోడించిన పరికరం కావాలి. కాబట్టి రిపోర్టులో 'లభించలేదు' అని ఉంటే, ఏ పదార్థాల కోసం, ఏ పద్ధతిలో వెతికారో పై వరుసల్లో చూడండి.