ఒక్క గోలు తేడా

ఈ ఏడు మన ఫుట్‌బాల్ జట్టు వరుసగా మూడు మ్యాచ్‌లు ఒక్కొక్క గోలు తేడాతో ఓడింది. “చేతికందిన ఆట గెలిపించలేని కోచ్ మనకెందుకు?” అని హాస్టల్లో తీర్పు చెప్పేశారు. ఆ తీర్పుకు బలమెంతో లెక్క వేసి చూద్దామనిపించింది.

శిక్షకుడంటే మన తెలుగునాట ముందు చెప్పుకోవలసింది హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీంగారిని. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ రెండు పోటీల్లో ఆయన జట్టుకు ఒక్క గోలుతో తేలిన నాలుగు ఆటలు చూద్దాం. 1951లో ఇరాన్‌పై 1-0, 1962లో దక్షిణ వియత్నాంపై 3-2, దక్షిణ కొరియాపై 2-1 గెలుపులు. 1960 రోమ్‌లో హంగరీ చేతిలో 1-2 ఓటమి.

నాలుగింట మూడు! భేష్ అంటాం. కాని రూపాయి బిళ్ళను నాలుగుసార్లు ఎగరేస్తే అది పదహారు విధాలుగా పడవచ్చు. అందులో ఐదు విధాల్లో బొమ్మ మూడుసార్లో, నాలుగుసార్లో పడుతుంది. అనగా నూటికి 31 పాళ్ళు వట్టి అదృష్టానికే ఆ ఫలితం దక్కవచ్చు. ఇరవై ఆటల్లో పదిహేను గెలిస్తే అప్పుడు అదృష్టం వాటా నూటికి రెండుకు దిగుతుంది. అన్ని దగ్గరి ఆటలు పెద్ద పోటీల్లో ఏ కోచ్‌కు దొరుకుతాయి?

కుందుర్పి రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. శెనక్కాయ ఊడలు దిగే అదనులో ఒక పదును వాన ఒక చేను మీద పడి పక్క చేనును తప్పిస్తుంది. అందుకే మా నాయన ఒక్క పంట చూసి ఎవరి సేద్యాన్నీ తూచడు. విత్తనం ఎప్పుడేశాడు, కలుపు ఎప్పుడు తీశాడు అని అడుగుతాడు.

రహీంగారినీ అట్లాగే అడగాలి. 1962 జకార్తాలో మొదటి ఆటే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తర్వాత తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లోనూ, ఫైనల్లోనూ అతను గోలు కొట్టాడు. ఫైనల్లో గోలు కాపలాకు పీటర్ తంగరాజ్‌ను దించారు. కొరియా చివర్లో ఒకటికి బదులు రెండు గోళ్ళు కొట్టినా, ఈ నిర్ణయాల విలువ తగ్గేది కాదు.

ఇక మన సంగతి. మూడుకు మూడూ ఓడటం బిళ్ళ లెక్కలో ఎనిమిదింట ఒకటి, అంత అబ్బురమేం కాదు. రెండు ఆటల్లో గోలు ముందు మనవాళ్ళకే ఎక్కువ అవకాశాలొచ్చాయి. మూడోదాంట్లో మాత్రం కాలు బెణికిన బ్యాక్‌ను చివరిదాకా ఉంచారు. కోచ్‌గారిని అడగవలసింది ఆ ఒక్క మాటే.