షంషాబాద్ నుంచి జిద్దాకు: గగనంలో దాటే మీఖాత్

తిరుమలగిరి నుంచి ఉమ్రాకు బయలుదేరే కుటుంబాలకు షంషాబాద్ చేరడానికే మూడు నాలుగు గంటలు పడుతుంది. హనఫీ ఉలమా లెక్క ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణానికి సంకల్పించినవారు ఊరి పొలిమేర దాటగానే ముసాఫిర్లు. అందువల్ల దారిలో విడిగా చదివే జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులే.

షంషాబాద్ నుంచి జిద్దాకు గగనమార్గంలో దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి ఐదున్నర నుంచి ఆరు గంటలు పడుతుంది. టికెట్టు మీద మాత్రం ఉదయం 10 గంటలకు బయలుదేరి మధ్యాహ్నం ఒంటిగంటకు చేరుతున్నట్లు ఉంటుంది. అది చూసి మూడు గంటల ప్రయాణమే అనుకునేవారున్నారు. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. ఆ తేడాను కలిపితేనే అసలు లెక్క తేలుతుంది.

ఈ లెక్క ఇహ్రామ్‌కు ఎంతో ముఖ్యం. పూర్వం మన హాజీలు రైలులో బొంబాయి చేరి ఓడ ఎక్కేవారు. సముద్రం మీద రోజుల తరబడి సాగే ఆ ప్రయాణంలో, యలమ్‌లమ్‌కు ఎదురుగా వస్తున్నామని తెలియగానే గుసుల్ చేసి, ఇహ్రామ్ ధరించి, తల్బియా పలకడానికి కావలసినంత వ్యవధి ఉండేది. 1995తో ఓడ ప్రయాణాలు ముగిశాయి. విమానం నిమిషానికి దాదాపు 14 కిలోమీటర్లు దాటిపోతుంది. తూర్పు నుంచి వచ్చే విమానం ఖర్నుల్ మనాజిల్ మీదుగానో, దానికి సమాంతరంగానో సాగి, మరికొద్ది సేపటికే జిద్దాలో దిగుతుంది. నిద్రలో ఉన్నవారికి మీఖాత్ ప్రకటన వినిపించకపోవచ్చు. ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటితే తిరిగి అక్కడికి వెళ్లి సంకల్పం చేసుకోవాలి, లేదా దమ్ ఇవ్వాలి. కనుక పురుషులు ఆ రెండు వస్త్రాలను ఇంటివద్దనో, హజ్‌హౌస్‌లోనో, విమానాశ్రయంలోనో ముందే ధరించడం క్షేమం. విమానంలోని ఇరుకు మరుగుదొడ్డిలో బట్టలు మార్చుకోవడం వృద్ధులకు ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. సంకల్పం, తల్బియా మాత్రం మీఖాత్ సమీపించాక చేసుకోవచ్చు. నిద్రపడుతుందన్న భయం ఉంటే విమానం ఎక్కగానే చేసుకోవచ్చు.

అయితే విమానం ముందుగా మదీనాలో దిగుతుందేమో చూసుకోండి. అలాంటివారు హైదరాబాద్‌లో ఇహ్రామ్ ధరించనక్కర లేదు. మదీనా నుంచి మక్కాకు బయలుదేరేటప్పుడు జుల్‌హులైఫా వారి మీఖాత్.

పడమరకు వెళ్తున్నాం గనుక సూర్యుడు మనతోపాటే వస్తున్నట్లుంటాడు. పగలు రెండున్నర గంటలకు పైగా సాగుతుంది. ఉపవాసంతో ప్రయాణించేవారు హైదరాబాద్ మగ్రిబ్ వేళను బట్టి ఇఫ్తార్ చేయరాదు. కిటికీలోంచి సూర్యుడు కనిపిస్తున్నంతవరకు ఆగవలసిందే. రోజంతా ఓపిక పట్టినవారికి ఆ చివరి ఘడియలు భారమే. ముసాఫిర్‌కు ఉపవాసం వాయిదా వేసుకునే అనుమతి ఉన్నదని ఇంటి పెద్దలకు గుర్తుచేయడం మంచిది.

ఖిబ్లా విషయం తేలిక. ప్రయాణంలో అధికభాగం విమానం ముందుభాగం ఉన్న వైపే ఖిబ్లా. జిద్దాలో దిగాక దిశ మారిపోతుంది. జిద్దా మక్కాకు పశ్చిమాన ఉన్నది. తిరుమలగిరిలో జీవితమంతా పడమటికి తిరిగి నమాజు చదివినవారు అక్కడ తూర్పుకు తిరిగి నిలబడతారు.

తిరుగు ప్రయాణంలో గాలి వెనుక నుంచి తోడవుతుంది గనుక ఐదు గంటలు చాలు. గడియారంలో మాత్రం ఏడున్నర గంటలు గడిచినట్లు కనిపిస్తుంది. ఎదురుకోలుకు ఊరి నుంచి వాహనం మాట్లాడుకునేవారు టికెట్టులో రాసిన చేరే వేళనే చూసుకోవాలి. అది మన గడియారం ప్రకారమే ఉంటుంది.