కోరస్ పెడల్ కొనేముందు

ఒకే పాటను పదిమంది కలిసి పాడితే ఏ రెండు గొంతులూ సరిగ్గా ఒకే క్షణంలో స్వరాన్ని ఎత్తుకోవు, ఒకే శ్రుతి మీద కచ్చితంగా నిలవవు. భజన బృందం పాటకు నిండుదనం ఇచ్చేవి ఈ చిన్న తేడాలే. ఎలక్ట్రిక్ గిటార్‌కు తగిలించే కోరస్ పెడల్ ఆ తేడాలను ఒక్క వాద్యం నుంచే పుట్టిస్తుంది. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్‌ను రెండు పాయలు చేసి, ఒకదాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. రెండోదాన్ని సుమారు 5 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి మళ్లీ మొదటిదానితో కలుపుతుంది. ఆ ఆలస్యం నిలకడగా ఉండదు. ఎల్‌ఎఫ్‌ఓ అనే సర్క్యూట్ దాన్ని పెంచుతూ, తగ్గిస్తూ ఉంటుంది. ఆలస్యం తగ్గుతున్నంతసేపూ రెండో పాయ శ్రుతి కాస్త పైకి లేస్తుంది, పెరుగుతున్నంతసేపూ కిందికి జారుతుంది.

పెడల్ మీద కనిపించే ముఖ్యమైన నాబ్‌లు రెండు. ఊపు ఎంత వేగంగా ఉండాలో చెప్పేది రేట్, ఎంత దూరం సాగాలో చెప్పేది డెప్త్. ఈ రెండూ విడివిడి విషయాలుగా కనిపిస్తాయి కానీ శ్రుతి కదలిక రెండింటి మీదా ఆధారపడుతుంది. ఆలస్యం అటూ ఇటూ 2 మిల్లీసెకన్ల చొప్పున, సెకనుకు ఒకసారి మెత్తగా ఊగుతోందనుకుంటే రెండో పాయ శ్రుతి గరిష్ఠంగా 1.26 శాతం, అంటే దాదాపు 22 సెంట్లు మారుతుంది. పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు. మన సంగీత శాస్త్రంలో 81/80 నిష్పత్తిగా లెక్కించే ప్రమాణ శ్రుతి కూడా 22 సెంట్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే పెద్దగా ఎక్కువనిపించని ఈ సెట్టింగ్‌లోనే స్వరం నీడ ఒక శ్రుతి పైకీ, ఒక శ్రుతి కిందికీ తిరిగి వస్తోందన్నమాట. డెప్త్‌ను కదపకుండా రేట్‌ను రెట్టింపు చేస్తే ఈ కదలిక కూడా రెట్టింపవుతుంది. రేట్ పెంచినప్పుడల్లా డెప్త్ తగ్గించాలని గిటార్ వాయించేవాళ్లు చెప్పుకునే మాటకు ఆధారం ఇదే.

చెన్నైలో ఈ లెక్కను పట్టించుకోక తప్పదు. 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ మౌంట్ రోడ్డులో పాశ్చాత్య వాద్యాలు అమ్ముతూ, ట్రినిటీ సంగీత పరీక్షలకు కేంద్రంగా నిలిచిన ఊరు ఇది. ధన్‌రాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, సంగీత దర్శకుడు కాకముందు గిటార్ వాయించి బతికిన ఇళయరాజా ఊరు కూడా ఇదే. మార్గశిరం వచ్చిందంటే సభల్లో గమకం కోసం చెవి కోసుకునే శ్రోతల ఊరు కూడా ఇదే. ఒకే గిటార్ పొద్దున చర్చిలో కార్డ్స్ వాయించి, సాయంత్రం రాగం పలికించాల్సి వస్తే కోరస్ పెడల్ మొదటిచోట చుట్టం, రెండోచోట అడ్డం.

దీన్ని అన్నిటికంటే తేటగా చూపించిన వాద్యం గిటార్ కాదు, మాండలిన్. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు ఉంటాయి. జతలోని రెండు తీగలను ఎంత జాగ్రత్తగా శ్రుతి చేసినా వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. ఆ తేడా తెచ్చే తళుకు పెడల్ అక్కర్లేని కోరసే. పాలకొల్లులో 1969లో పుట్టి, చెన్నైలో స్థిరపడి, 2014లో అక్కడే కన్నుమూసిన యు. శ్రీనివాస్ ఆ జతలను వదిలేశారు. ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. స్వరం తేటగా, సాగతీతకు లొంగేలా ఉంటే తప్ప గమకం పలకదు. ఐఐటీ మద్రాసులో చదివి, కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ గిటార్ మీదికి తెచ్చిన ప్రసన్న పట్టుకున్న వాద్యానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. తీగను పక్కకు లాగి గాంధారాన్ని కంపింపజేసేటప్పుడు, దానికి పొంతన లేని మరో కంపనాన్ని యంత్రం కలిపితే వినేవాడికి మిగిలేది అపశ్రుతే. రాగం వాయించాలనుకునేవాళ్లు కోరస్ కోసం డబ్బు ఖర్చుపెట్టకపోవడమే మంచిది. సినిమా పాటలు, ఆర్కెస్ట్రా, చర్చి, రాక్ బ్యాండ్ అయితే మాత్రం ఒక మంచి కోరస్ ఏళ్ల తరబడి పనికొస్తుంది. తీగలను ఒక్కొక్కటిగా విడదీసి మీటే కార్డ్స్‌కు అది తెచ్చే మెరుపు మరో పెడల్‌తో రాదు.

ఈ శబ్దం ముందు పెడల్‌గా కాదు, యాంప్‌గా పుట్టింది. 1975లో జపాన్ కంపెనీ రోలాండ్ జేసీ-120 యాంప్‌ను విడుదల చేసింది. అందులో 12 అంగుళాల స్పీకర్లు రెండు. ఒకదాంట్లోంచి అసలు స్వరం, రెండోదాంట్లోంచి ఊగే స్వరం వచ్చి గదిలోని గాలిలో కలుస్తాయి. ఆ సర్క్యూట్‌ను విడిగా తీసి 1976లో రోలాండే బాస్ పేరుతో చేసినది సీఈ-1. బాస్ కంపెనీ తొలి పెడల్ అదే. 1979లో వచ్చిన సీఈ-2 అరచేతిలో ఇమిడే నీలం డబ్బా. రేట్, డెప్త్ తప్ప మరో నాబ్ లేదు. కోరస్ అనగానే చాలామందికి తోచే శబ్దం ఇప్పటికీ దానిదే. అమెరికా కంపెనీ ఎలక్ట్రో-హార్మోనిక్స్ చేసిన స్మాల్ క్లోన్ ఇంకా పొదుపు, ఒక నాబ్, ఒక స్విచ్ మాత్రమే. నిర్వాణ బృందం 1991 నాటి ‘కమ్ యాజ్ యూ ఆర్’లో కర్ట్ కోబైన్ వాడినది అదే.

ఆ కాలపు పెడళ్ల గుండెకాయ బకెట్ బ్రిగేడ్ అనే చిప్. 1969లో ఫిలిప్స్ పరిశోధకులు రూపొందించిన పద్ధతి ఇది. మంటలార్పడానికి వరసగా నిలబడ్డవాళ్లు నీళ్ల బకెట్లు చేతులు మార్చుకున్నట్టు, కెపాసిటర్ల వరస విద్యుదావేశాన్ని ఒకదాన్నుంచి ఒకదానికి అందిస్తుంది. సీఈ-2లోని ఎంఎన్3007 చిప్‌లో అలాంటి 1,024 మెట్లు ఉన్నాయి. చేతులు మారే వేగాన్ని నిర్ణయించే గడియారం సెకనుకు 50 వేల సార్లు కొట్టుకుంటే ఆలస్యం పది మిల్లీసెకన్ల పైచిలుకు, లక్ష సార్లు కొట్టుకుంటే అందులో సగం. గడియారపు రొద వినిపించకుండా పై స్థాయి ధ్వనులను వడగట్టేయాలి. ఇలాంటి చిప్ వాడే అనలాగ్ కోరస్‌ల వెచ్చదనం అని మెచ్చుకునేదాంట్లో చాలా భాగం ఈ వడపోతదే. డిజిటల్ పెడల్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చి ఆలస్యం చేస్తుంది కాబట్టి శబ్దం తేటగా, అద్దంలా ఉంటుంది. 1989 నుంచి దొరుకుతున్న బాస్ సీహెచ్-1 మొదట్లో అనలాగ్, తర్వాత డిజిటల్ అయింది. అయినా అమ్మకాలు ఆగలేదు. డబ్బా మీద అనలాగ్ అన్న మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. యాంప్ ఇప్పటికే కీచుమంటుంటే అనలాగ్, మందంగా ఉంటే డిజిటల్ అనుకుంటే చాలావరకు సరిపోతుంది.

మొదటి పెడల్‌కు రేట్, డెప్త్‌తో పాటు కలిపే పాళ్లను మార్చే నాబ్ ఒకటి ఉండటం మేలు. సీహెచ్-1లో అది ఉంది. ఎంఎక్స్‌ఆర్ అనలాగ్ కోరస్‌లో దాంతోపాటు కింది, పై స్థాయులకు వేర్వేరు నాబ్‌లు ఉన్నాయి. 2016లో వచ్చిన సీఈ-2డబ్ల్యూ పాత సీఈ-1, సీఈ-2 శబ్దాలను రెండింటినీ ఇస్తుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. బెరింగర్ యూసీ200 చాలా చవక, శబ్దం ఫరవాలేదు, డబ్బా మాత్రం ప్లాస్టిక్. ఇంట్లో సాధనకు సరే, వేదిక మీద రోజూ కాలితో తొక్కేవాళ్లకు కాదు. బేస్ గిటార్‌కు ఇవేవీ కాకుండా, మంద్ర స్వరాలను కదపకుండా వదిలే సీఈబీ-3 లాంటిది చూసుకోవాలి. మంద్రం ఊగితే పాటకు పునాదే ఊగుతుంది.

స్టీరియో కోరస్ దుకాణంలో రెండు యాంప్‌ల మధ్య నిలబడి వింటే మనసు దోచేస్తుంది. కానీ కల్యాణ మండపాల్లోనూ, వీధి వేదికల మీదా సౌండ్ సిస్టమ్ చాలాసార్లు మోనోయే. కొన్ని పెడళ్లు ఒక వైపు ఊగే స్వరాన్ని అసలు స్వరంతో కలిపి, రెండో వైపు దాన్నే తిరగేసి కలుపుతాయి. మిక్సర్‌లో ఆ రెండు వైపులనూ ఒకటి చేస్తే ఊగే భాగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, కోరస్ మాయమవుతుంది. మోనో వేదిక అయితే ఒక్క అవుట్‌పుట్‌నే వాడాలి, కొనేముందు ఆ ఒక్కదాన్నే వినాలి.

వినే పద్ధతి కూడా ముఖ్యమే. సొంత గిటార్ తీసుకెళ్లి, డిస్టార్షన్ లేని యాంప్‌కు కలిపి, ముందుగా ఒక కార్డ్ మీటి అది ఆరిపోయేదాకా ఆగాలి. తర్వాత పన్నెండో మెట్టు దగ్గర ఒక్క స్వరం పట్టుకోవాలి. కార్డ్‌లో దాగిన ఊపు అక్కడ దొరికిపోతుంది. తీగలను చేత్తో మూసి, పెడల్ వేసి, తీసి చూస్తే బుస ఎంతో తెలుస్తుంది. పెడల్ వేసినప్పుడు శబ్దం పెరిగినా, తగ్గినా వేదిక మీద అది ఇబ్బంది పెడుతుంది. వరసలో కోరస్ స్థానం సాధారణంగా ఓవర్‌డ్రైవ్ తర్వాత, డిలేకు ముందు.

ఇక కరెంటు సంగతి. ఇప్పటి పెడళ్లలో ఎక్కువ భాగం మధ్య పిన్ నెగెటివ్‌గా ఉండే 9 వోల్టుల డీసీ అడాప్టర్‌తో నడుస్తాయి. అడాప్టర్ మీద మిల్లీయాంపియర్లు పెడల్ అడిగినదానికన్నా ఎక్కువ ఉన్నా నష్టం లేదు, వోల్టులు మాత్రం ఎక్కువ ఉండకూడదు. డిజిటల్ పెడళ్లు అనలాగ్ వాటికన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి, వాటికి బ్యాటరీ పెట్టడం దండగ. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో జాక్‌లూ, నాబ్‌ల లోపలి భాగాలూ తొందరగా చిలుము పడతాయి. పాత పెడల్ కొనేటప్పుడు ప్రతి నాబ్‌నూ చివరి నుంచి చివరికి తిప్పి గరగర వస్తుందేమో వినాలి. పాత సీఈ-2 లాంటివి ఏసీఏ అనే వేరే రకం అడాప్టర్‌కు చేసినవి, మామూలు 9 వోల్టులు ఇస్తే దీపం మసకగా వెలుగుతుంది. సీఈ-1 అయితే అడాప్టర్ లేకుండా నేరుగా గోడ కరెంటుతో నడిచేది. జపాన్, అమెరికాల కోసం తయారైనదాన్ని ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే అది కాలిపోతుంది.