మందు చెప్పే యంత్రం చేసిన డాక్టరు

రక్తంలో విషక్రిములు చేరిన రోగికి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగితే ప్రాణం దక్కకపోవచ్చు. అది ఏ క్రిమో ల్యాబులో తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా ఏ మందు వేయాలి? పెద్దాసుపత్రి డాక్టర్లు సైతం తికమకపడే ఈ ప్రశ్నను కంప్యూటర్ ముందు పెట్టినవారు డాక్టర్ ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్.

1947లో కెనడాలో పుట్టిన ఈయన అమెరికాలోని హార్వర్డ్‌లో గణితం చదివి, స్టాన్‌ఫర్డ్‌లో వైద్యవిద్యకు చేరారు. అక్కడే 1975లో డాక్టరేటు, 1976లో వైద్యపట్టా పొందారు. ఆయన రూపొందించిన ‘మైసిన్’ ప్రోగ్రాం డాక్టరును ఒక్కొక్క ప్రశ్నే అడిగి, కొన్ని వందల సూత్రాలతో బేరీజు వేసి మందు చెప్పేది. ‘ఎందుకు?’ అని ఎదురడిగితే కారణమూ చెప్పేది. మన డాక్టర్లను అలా అడిగే ధైర్యం ఎందరికుంది!

మెదడు పొరల వాపు వచ్చిన 10 మంది రోగులకు మైసిన్, స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు విడివిడిగా రాసిన చికిత్సలను, ఎవరివో తెలియనీయకుండా 8 మంది నిపుణుల చేత దిద్దించారు. 1979లో ఫలితాలు ప్రకటించారు. మైసిన్‌కు 65 శాతం ఆమోదం లభించగా, ఆచార్యులలో ఎవరూ 62.5 శాతం దాటలేదు. అయినా అది వార్డులో అడుగు పెట్టలేదు. ఒక్కో రోగి వివరాలు టైపు చేయడానికే అరగంట పట్టేది. పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిదన్నదీ తేలలేదు.

రెండు విద్యలూ తెలిసినవారిని తయారు చేసేందుకు స్టాన్‌ఫర్డ్‌లో 1980 దశకం మొదట్లో ఆయన ప్రత్యేక ఉన్నత విద్యా కోర్సు నెలకొల్పారు. డాక్టర్లకే కాదు, వైద్యం చదవనివారికీ అందులో ప్రవేశం కలదు. అయితే గణితం, ప్రోగ్రాములు రాయడం వచ్చి ఉండాలి. బై.పి.సి.లో చేరగానే లెక్కలకు దండం పెట్టేసే మన ఇంటర్మీడియట్ పిల్లలకు ఈ షరతు కాస్త గట్టిదే. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1966లో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు పొందినదీ ఈ స్టాన్‌ఫర్డ్‌లోనే.