పసుపుకొమ్మూ, పెద్దపేగు కాన్సరూ
(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పసుపు కాన్సరు కణాలను చంపుతుందట గదా, మరి అంతంత డబ్బు పోసి, జుట్టు ఊడగొట్టుకుని ఆ ఇంజెక్షన్లు ఎందుకండీ అని చాలామంది అడుగుతుంటారు. అడగడంలో తప్పులేదు. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం తెలియక, ఇంట్లో జబ్బుమనిషి చేత డాక్టరు మందు మానిపించేవాళ్ళూ ఉన్నారు. అంచేత ఇవాళ ఆ సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందు కణం చావడమంటే ఏమిటో తెలియాలి. మన పెద్దపేగు సుమారు ఐదడుగుల పొడవుంటుంది. దాని లోపలి పొరలోని కణాలు నాలుగైదు రోజులకు మించి బతకవు. పాతవి రాలిపోతూ ఉంటే అడుగునుంచి కొత్తవి పుట్టుకొస్తుంటాయి. కాలినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో కణాలు చావడం వేరు, ఇది వేరు. వేళ వచ్చిందని కణమే ముడుచుకుని, చిన్నచిన్న మూటలుగా విడిపోతుంది. సామాన్యంగా ఆ మూటల్ని ఇరుగుపొరుగు కణాలు మింగేస్తాయి. వాపూ ఉండదు, చీమూ ఉండదు. 1972లో స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయం నుంచి కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీన్ని వర్ణించి, 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. అది గ్రీకుమాట. చెట్టునుంచి ఆకులు, పువ్వునుంచి రేకలు రాలడమని అర్థం. ఎవరికి తోచిందో గాని, అందమైన పేరే.

కాన్సరు కణం చేసే ఆగడం ఏమిటంటే, అది రాలనంటుంది. కణంలోని డి.ఎన్.ఏ. చెడిపోతే 'ఇంక నువ్వు పోవలసిందే' అని ఆజ్ఞ ఇచ్చే ఒక ప్రోటీను ఉంది. దాని పేరు పి-53. పెద్దపేగు కాన్సర్లలో దాదాపు సగంలో ఈ ప్రోటీనును తయారుచేసే జీనే పాడై ఉంటుంది. ఆజ్ఞ ఇచ్చేవాడు లేకపోతే ఇంకేం, పోవలసినవి పోవు, కొత్తవి పుడుతూనే ఉంటాయి. చూస్తూండగానే కణితి తయారవుతుంది.

మరి ఇందులోకి మొక్కలెందుకు వచ్చాయంటారా? చెట్టు పరుగెత్తలేదు గదా. పురుగొచ్చినా, పశువొచ్చినా, బూజు పట్టినా నిలుచున్నచోటే కాచుకోవాలి. అందుకని ఆకులో, బెరడులో, దుంపలో రకరకాల రసాయనాలు తయారుచేసుకుని పెట్టుకుంటుంది. వాటిలో కొన్ని మన కణాల మీద కూడా పనిచేస్తాయి. పసుపులో ఉండే 'కర్కుమిన్' అలాంటిదే. పసుపుకు ఆ రంగు దానివల్లే వచ్చింది.

1964లో ఒక నలభైనాలుగేళ్ళ స్త్రీ పెద్దపేగు కణితినుంచి తీసిన కణాలు ఈనాటికీ దేశదేశాల ప్రయోగశాలల్లో గాజు, ప్లాస్టిక్ పళ్ళాలలో పెరుగుతున్నాయి. వాటిని హెచ్.టి.-29 అంటారు. ఇలాంటి కణాలమీద కర్కుమిన్ పోసి చూశారు. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగాలకు చిల్లిపడి, వాటినుంచి సైటోక్రోమ్-సి అనే పదార్థం బయటికి కారింది. దాంతో 'కాస్పేజులు' అనే ఎంజైములు నిద్రలేచి, కత్తిపీటలాగా కణంలోని ప్రోటీనులను తరిగేశాయి. కణం ఆకులా రాలిపోయింది. ఇది ఎన్నోసార్లు, ఎన్నోచోట్ల రుజువైంది. నేను సగం నిజమన్నది ఈ భాగమే.

ఇక మిగతా సగం. పళ్ళెంలో కణాలమీద మందు నేరుగా పోస్తారు. మనం తిన్నది అలా చేరదు. పసుపులో కర్కుమిన్ నూటికి మూడుపాళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. మనుషులమీద జరిపిన కొన్ని పరీక్షల్లో రోజుకి 8 గ్రాముల కర్కుమిన్ దాకా ఇచ్చారు. వంటింటి లెక్క వేసుకోండి: పావుకిలో పసుపు చాలదు, ఇంకా పైన కావాలి, అదీ ఒక్కరోజుకి! అంత ఇచ్చినా రక్తంలో కనిపించేది అత్యల్పం. పేగు దాన్ని సరిగా పీల్చుకోదు. పీల్చుకున్న కాస్తనీ కాలేయం ఉంచనివ్వదు. రక్తంలోకి వెళ్ళనిది పేగులోనే ఉంటుంది గదా, పెద్దపేగు కాన్సరు మీదైనా పనిచేయకపోతుందా అని శాస్త్రజ్ఞులు ఆశపడ్డారు. న్యాయమైన ఆశే. కర్కుమిన్ మింగిన రోగుల పెద్దపేగు ముక్కల్లో అది కనిపించింది కూడా.

అసలు పరీక్ష ఏమైందో చూడండి. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా పెద్దపేగు నిండా 'పాలిప్' అనే బుడిపెలు పుడతాయి. వదిలేస్తే అవి కాన్సరుగా మారతాయి. 2006లో అలాంటి ఐదుగురికి కర్కుమిన్ను, ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్‌తో కలిపి ఆరునెలలు ఇస్తే బుడిపెలు సగానికి పైగా తగ్గాయి. పెద్ద కబురే అయింది. అయితే ఆ ఐదుగురినీ పోల్చి చూడడానికి ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళు లేరు. తరవాత 44 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 3 గ్రాముల కర్కుమిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఏడాదిపాటు ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో వాళ్ళకు తెలియదు. 2018లో ఫలితం అచ్చయింది: రెండు జట్ల మధ్య తేడా లేదు. మొదటి కబురు ఊరంతా తిరుగుతుంది. రెండోది ఎవరి చెవినా పడదు.

మొక్క మందు నిజంగా కాన్సరు ఆస్పత్రిదాకా వచ్చిన కథ ఒకటుంది. చైనాలో 'సంతోష వృక్షం' అని పిలిచే ఒక చెట్టుంది. దాని బెరడునుంచి అమెరికాలో మన్రో వాల్, మహారాష్ట్రలో పుట్టిన మన్‌సుఖ్ వాని అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 'కాంప్టోథెసిన్' అనే పదార్థాన్ని తీసి 1966లో ప్రకటించారు. మన పడమటి కనుమల్లోని నరక్య అనే చెట్టులో కూడా అదే ఉందని 1972లో మన రసాయన శాస్త్రజ్ఞులు గోవిందాచారి, విశ్వనాథన్ చూపించారు. కణం రెండుగా చీలేముందు తన డి.ఎన్.ఏ. పురిని సడలించుకోవాలి. అందుకు అక్కడక్కడ తెంపి మళ్ళీ అతుకుతుంది. ఈ మందు ఆ అతుకు పడనివ్వదు. తెగిన పోగులతో కణం చచ్చిపోతుంది.

కాని మొదట్లో దీన్ని రోగులకిస్తే మూత్రాశయంలోంచి రక్తం పడింది. 1970ల తొలినాళ్ళలోనే ఆపేశారు. తరవాత జపానులో యాకుల్ట్ వాళ్ళు, అవును, ఆ పుల్లటి పాలసీసాల కంపెనీవాళ్ళే, అణువును కాస్త మార్చి 'ఇరినోటెకాన్' తయారుచేశారు. అమెరికాలో పెద్దపేగు కాన్సరుకు దానికి అనుమతి దొరికింది 1996లో. అంటే చెట్టుబెరడునుంచి సెలైను సీసాదాకా ముప్పై ఏళ్ళు! అదేమన్నా మెత్తని మందా? విపరీతమైన విరేచనాలు పడతాయి, తెల్లరక్తకణాలు పడిపోతాయి, జుట్టు రాలుతుంది. డాక్టరు తూకం వేసి, రక్తపరీక్ష చూసి మరీ ఎక్కిస్తారు. 'చెట్టుది గనక హాని చేయదు' అనే మాటకు ఇంతకన్నా జవాబేముంటుంది?

ఇంకో చిక్కుంది. పసుపుతో మిరియం కలిపితే కర్కుమిన్ రక్తంలోకి ఇరవైరెట్లు ఎక్కుతుందని 1998లో బెంగుళూరు పరిశోధకులు అచ్చువేశారు. కర్కుమిన్ బిళ్ళల్లో మిరియపు సారం కలపడం అందుకే. అయితే ఆ సారం చేసే పని, మందుల్ని విరిచి బయటికి పంపే ఎంజైములను మందగింపజేయడం. ఒక్క కర్కుమిన్నే ఆగదు, వేరే మందులూ ఒంట్లో ఎక్కువసేపు నిలవవచ్చు. కొన్ని మూలికలు దీనికి ఎదురు పనిచేస్తాయి. యూరపులో దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికను ఇరినోటెకాన్‌తో కలిపి వాడితే, ఒంట్లో పనిచేసే మందు నూటికి 42 పాళ్ళు తగ్గిపోయిందని 2002లో తేలింది. కర్కుమిన్ బిళ్ళలతో కాలేయం దెబ్బతిన్న రోగులూ ఉన్నారు. పప్పులో, కూరలో వేసే పసుపుకు ఈ భయమేమీ లేదు, నిశ్చింతగా వేసుకోండి. సీసాల్లో వచ్చే బిళ్ళలు, పొడులు, కషాయాలు మాత్రం ఏవి వాడుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కోప్పడతారని దాచడమే ప్రమాదం. వీలైతే ఆ సీసానే పట్టుకెళ్ళండి.

వంటింట్లో చేయగలిగిందేమీ లేదా అంటే, ఉంది. జొన్న, రాగి, పప్పు, చిక్కుడు, ఆకుకూరల్లోని పీచు మనకు అరగదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి 'బ్యుటిరేట్' అనే పదార్థం తయారుచేస్తాయి. మంచి కణాలకు అది ఆహారం. కాన్సరు కణం దాన్ని వాడుకోలేక లోపల పోగుచేసుకుంటుంది, అది పేరుకుంటే కణం రాలిపోతుంది. ఇది కూడా ఎక్కువగా ప్రయోగశాలలో తేలిన సంగతే. కాని పీచు బాగా తినేవాళ్ళలో పెద్దపేగు కాన్సరు తక్కువని జనాభా లెక్కలు కూడా చెబుతున్నాయి. ఇది రాకుండా కాచే ఉపాయమే గాని, వచ్చాక వాడే మందు కాదు.

వచ్చిందేమో ఎలా తెలుస్తుంది? మలంలో రక్తం కనిపిస్తే మనం మూలశంక అనుకుని, సిగ్గుపడి, ఎవరికీ చెప్పం. ముట్లు ఆగిపోయాక కూడా ఒంట్లో రక్తం తక్కువగా ఉంటే 'వయసు' అనుకుంటాం. మలవిసర్జన అలవాటు మారి కొన్ని వారాలైనా సర్దుకోకపోవడం, కారణం లేకుండా చిక్కిపోవడం కూడా చూసుకోవలసినవే. ఇవన్నీ కాన్సరే కానక్కర్లేదు, చాలాసార్లు కాదు కూడా. కాని చూపించుకోవాలి. మలపరీక్ష ఉంది, గొట్టంతో లోపలికి చూసే కొలనోస్కోపీ ఉంది. బుడిపె కాన్సరుగా మారడానికి సామాన్యంగా పదేళ్ళదాకా పడుతుంది. ఆలోగా కనిపిస్తే ఆ గొట్టంతోనే తీసేస్తారు. పేగు దాటకముందే కాన్సరు దొరికినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఐదేళ్ళ తరవాత కూడా బతికి ఉన్నారని అమెరికా లెక్కలు. తల్లికో తండ్రికో, అక్కకో అన్నకో ఈ జబ్బు వచ్చి ఉంటే, ఏ బాధా లేకపోయినా నలభై ఏళ్ళకే ఒకసారి డాక్టరును అడగండి. వాళ్ళకు ఏ వయసులో వచ్చిందో కనుక్కుని వెళ్ళండి, డాక్టరు మొదట అడిగేది అదే.